కలెక్టరు గారి బంతి హద్దు దాటదు

టప్‌మని దెబ్బ పడింది. బంతి గాల్లోకి లేచింది.

మొదట నేరుగానే వెళ్లింది. షామియానా కింద కూర్చున్న జిల్లా అధికారులంతా కుర్చీల్లోంచి సగం లేచి, చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకున్నారు. సరిగ్గా అప్పుడే బంతి మనసు మార్చుకుంది. కుడివైపుకి ఒరిగింది. ఇంకా ఒరిగింది. పచ్చిక దాటింది, కంచె దాటింది, కంచె అవతలున్న దొండపందిట్లో పడి ఆకుల మధ్య మాయమైంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అలాగని ఎత్తిన చేతులు దించే ధైర్యమూ ఎవరికీ లేకపోయింది. కొట్టినవారు జిల్లా కలెక్టరు చక్రపాణి.

ఆ ఏడాది ప్రభుత్వానికి ఒక రహస్యం తెలిసింది. పెద్ద పెట్టుబడిదారులు గదుల్లో కూర్చుని సంతకాలు పెట్టరట. గోల్ఫ్ మైదానంలో నడుస్తూ మాట్లాడుకుని, ఆట అయ్యాక పెడతారట. విదేశాలకు వెళ్లొచ్చిన ఎవరో చెప్పారు. వెంటనే ప్రతి జిల్లా కేంద్రంలోనూ ఒక గోల్ఫ్ మైదానం ఉండాలని ఉత్తర్వు వెలువడింది. మడుగుపల్లి కొత్తగా జిల్లా కేంద్రమైంది. బస్టాండుకి ఇంకా పైకప్పు పడలేదు గానీ, గోల్ఫ్ మైదానం మాత్రం సిద్ధమైంది. ఈ రోజే ప్రారంభం. ఇదే మొదటి బంతి.

"ఔటాఫ్ బౌండ్స్," అన్నాడు దినకర్.

ఆ మైదానం డిజైన్ చేసింది అతనే. విదేశంలో ఈ విద్యే చదువుకుని హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఇది అతని మొదటి మైదానం. అందుకని ఎక్కడ నోరు మూసుకోవాలో ఇంకా తెలియదు.

"ఏమిటన్నారు?" అని మెల్లగా అడిగారు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సోమసుందరం.

"బంతి హద్దు దాటిందండీ. రూలు ప్రకారం ఒక దెబ్బ జరిమానా. మళ్లీ ఇక్కణ్నుంచే కొట్టాలి."

"జరిమానా ఎవరికి?"

"కొట్టినవాళ్లకి."

షామియానా కింద గాలి ఆడడం మానేసింది. కలెక్టరు కర్ర వైపు చూసుకుంటున్నారు. ఆయన చెడ్డవారు కాదు. అవమానం అలవాటు లేనివారు, అంతే.

సోమసుందరం గొంతు సవరించుకున్నారు. ఆయన సర్వీసులో కట్టిన వంతెన ఒకటి కాలువకు బాగా పక్కగా వచ్చింది. ఆయన కంగారు పడలేదు. కాలువను వంతెన కిందికి మళ్లించి, పటం సవరించారు. గీసిన దానికీ జరిగిన దానికీ తేడా వస్తే, గీసినదాన్నే దిద్దాలన్నది ఆయన శాఖకు వేదం. దాని పేరు డీవియేషన్ స్టేట్‌మెంట్.

"సార్ వారి బంతి హద్దు దాటలేదు," అన్నారు సోమసుందరం ప్రశాంతంగా. "హద్దు నిర్ధారణలో క్షేత్రస్థాయి లోపం చోటు చేసుకుంది."

చప్పట్లు మార్మోగాయి.

సరిగ్గా ఆ క్షణంలో కంచె అవతల తలపాగా ఒకటి కనబడింది. దొండతోట యజమాని బ్రహ్మయ్య బంతిని తువాలుతో తుడుస్తూ వచ్చాడు.

"ఇదిగోనయ్యా మీ బంతి. పాదుల్లో పడింది. నాలుగు కాయలు రాలినా పర్లేదులెండి, మీ చేత్తోగా!"

బ్రహ్మయ్యకి శాలువా కప్పారు. కలెక్టరు పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. బంతి సరిగ్గా ఎక్కడ పడిందో చూపించమని సోమసుందరం ఎంతో మర్యాదగా అడిగారు. బ్రహ్మయ్య పొంగిపోయి, పందిరి స్తంభాల మధ్య నుంచి తీసుకెళ్లి మరీ చూపించాడు.

అక్కడ ఒక ఎర్రజెండా పాతారు.

*

రైతుబజారు నుంచి ఖాళీ గంపతో తిరిగొచ్చిన తిరపతమ్మ ముందు జెండాను చూసింది. తర్వాత మొగుడి భుజాన శాలువాను చూసింది.

"ఏందది?"

"జెండా."

"కళ్లున్నాయిలే. మన పాదుల్లో ఎందుకుందని."

"కలెక్టరు గారి బంతి పడిందే అక్కడ. గుర్తుగా పెట్టారు."

"పోయిన నెల మన గట్టు మీద ఇటుకల ట్రాక్టరు పడింది. జెండా పెట్టారా?"

"దానికీ దీనికీ పోలికేందే! నాకు శాలువా కప్పారు."

"నీకు శాలువా కప్పి తోటకి జెండా కట్టారు. ఈ రెంటిలో ఏది వాళ్లు మళ్లీ తీసుకుపోరో నీకు తెలవదు, నాకు తెలుసు."

ఆ అరెకరమే వాళ్ల బతుకు. దొండ ఒకసారి పందిరెక్కితే ఏళ్ల తరబడి కాస్తూనే ఉంటుంది. రాతి స్తంభాలు దింపి, తీగలు లాగి, పాదు పాదుకీ మట్టి మార్చి తిరపతమ్మ ఆ పందిరిని నిలబెట్టింది. బ్రహ్మయ్య సాయం చేశాడు. అంటే అప్పుడప్పుడు అడ్డం తప్పుకున్నాడు.

మర్నాడు తోట చుట్టూ ఎర్రజెండాలు పాతారు.

*

"మంచి గోల్ఫ్ మైదానం ఆటగాణ్ని శిక్షించదండీ. ఊరిస్తుంది," అంటున్నాడు దినకర్.

కలెక్టరు చాంబర్లో సమీక్షా సమావేశం. బల్ల మీద మైదానం పటం పరిచి ఉంది.

"బంతి చేరాల్సిన ప్రతి గుంతలోనూ ఒక జెండా ఉంటుంది, ఆ జెండాకి రెండు దారులుంటాయి. దగ్గర దారిలో ఇసుకగుంట ఉంటుంది, నీటిమడుగు ఉంటుంది. దూరపు దారి క్షేమం, కానీ దెబ్బలు ఎక్కువవుతాయి. ఏ దారో ఆటగాడే తేల్చుకోవాలి. డిజైన్ అంతా ఆ ఎంపికలోనే ఉంది."

"అధికారి ఒంటరిగా నిర్ణయం తీసుకోవడం సబబు కాదు," అన్నారు సోమసుందరం. "కమిటీ వేయాలి. మరో మాట. ఇసుకగుంటలన్నారు. ప్రభుత్వ స్థలంలో గుంట తవ్వితే చుట్టూ రెయిలింగు, హెచ్చరిక బోర్డు తప్పనిసరి. పెట్టించాను."

"ఇసుకగుంటకి రెయిలింగా? అందులో బంతి పడాలి కదండీ!"

"పడకూడదనేగా రెయిలింగు."

దినకర్ పటం వైపు దీనంగా చూశాడు. "సార్, నేలకి వాలుంటుంది. నీళ్లు ఎటు పారతాయో, గాలి ఎటు వీస్తుందో చూసుకుని గీయాలి. దారి నేలే చెబుతుంది. డిజైనరు చెవి ఒగ్గి వినాలి. ఈ విద్యకి మూలసూత్రం అదే."

"అద్భుతం," అన్నారు సోమసుందరం. "మినిట్స్‌లో రాయండి. చిన్న సవరణతో. దారి సార్ వారి బంతే చెబుతుంది. డిజైనరు చెవి ఒగ్గి వినవలెను."

కలెక్టరు కాస్త ఇబ్బందిగా కదిలారు. "సోమసుందరం గారూ, ఆ తోట ప్రైవేటు పట్టా భూమి. నా బంతి కోసం..."

"తమ బంతి కోసం కాదు సార్, ప్రజా ప్రయోజనం కోసం. పెట్టుబడిదారు ఒకరు తమతో నడుస్తుంటారు. తమ బంతి హద్దు దాటిందని ఎవరైనా అన్నారనుకోండి. జిల్లా అధిపతికే తన హద్దు తెలియదన్న సంకేతం వెళుతుంది. పెట్టుబడి పక్క జిల్లాకి వెళుతుంది."

పక్క జిల్లా పేరు వినగానే కలెక్టరు పెన్ను తీశారు.

*

సోమవారం. ఫిర్యాదుల దినం. తిరపతమ్మ నోటీసు చేత్తో పట్టుకుని వరసలో నిలబడింది. వంతు రాగానే బల్ల ముందుకొచ్చి దణ్ణం పెట్టింది.

"అయ్యా, నా దొండతోట తీసుకుంటామని కాయితం వచ్చింది."

"తెలుసమ్మా, కూర్చోండి," అన్నారు చక్రపాణి. ఆయన అందరినీ కూర్చోమంటారు. కుర్చీ మాత్రం ఉండదు. "మీ తోట మీద నాకేం కోపం లేదు. బంతి అక్కడికి వెళ్లింది. అంతే."

"పక్కోళ్ల గేదె నా చేలో పడిందనుకోండయ్యా. గేదెను తోలుకుపొమ్మంటాం. కట్టేసుకోమంటాం. చేను రాసియ్యం గదా?"

కలెక్టరు ఒక క్షణం ఆలోచనలో పడ్డారు. నిజంగానే పడ్డారు. పక్కనున్న సోమసుందరం అది గమనించి వెంటనే అందుకున్నారు.

"గేదె వేరు, బంతి వేరమ్మా. గేదె మేయడానికి వస్తుంది. దానిది స్వార్థం. బంతికి స్వార్థం లేదు."

"బంతికి లేకపోతే మానె. కొట్టినోళ్లు కాస్త ఎడం పక్కకి తిరిగి నిలబడి కొట్టొచ్చుగా?"

హాల్లో ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు.

"పరిశీలిస్తాం," అన్నారు కలెక్టరు. పరిశీలించినట్టు కాగితం మీద ముద్ర పడింది.

ఇంటికి వెళ్లేసరికి బ్రహ్మయ్య గుమ్మంలోనే ఉన్నాడు. "ఏమన్నారే?"

"గేదెకన్నా బంతి గొప్పదన్నారు. ఆ శాలువా అవతల పారెయ్, చూడలేక చస్తన్నా."

"చలికాలం వచ్చిద్ది గదే..."

*

ఆ తర్వాత సంగతులు వేగంగా జరిగాయి.

రెండో గుంత జెండాకి గురిపెట్టినా కలెక్టరు బంతి కుడివైపే వెళ్లింది. జెండా పీకి కుడివైపు పాతారు. మూడో జెండా, నాలుగో జెండా, అదే వరస. ప్రతి దారీ కుడికి వంగింది. వంగిన దారి మీద నిలబడి కొడితే బంతి మరికాస్త కుడికి వెళ్లింది. పటం మళ్లీ మారింది. నేరుగా సాగాల్సిన మైదానం తన చుట్టూ తాను తిరగడం మొదలుపెట్టింది. చివరికి సవరించిన పటం గోడకి తగిలిస్తే, టీ తెచ్చిన అటెండరు అది స్వీట్ షాపు వాళ్ల ప్రకటన అనుకున్నాడు. జిలేబీ అచ్చంగా అలాగే ఉంటుంది.

నీటిమడుగులు పాత దారుల్లో ఉండిపోయాయి. అక్కడికి ఎవరి బంతీ వెళ్లదు. కిందిస్థాయి అధికారులు మాత్రం తమ బంతుల్ని పనిగట్టుకుని అందులోకే కొట్టేవారు. కలెక్టరు కంటే మెరుగ్గా ఆడినట్టు ఎవరి రికార్డులోనూ ఉండకూడదు మరి.

దినకర్ రాజీనామా రాశాడు, చింపేశాడు. రెండోసారి రాయడానికి కూర్చుంటే అతనికి ఒక భయంకరమైన ఆలోచన వచ్చింది. ఈ మైదానంలో ఏదో సిద్ధాంతం ఉంది! 'హోదానుసార రూపకల్పన' అని పేరు పెట్టి వ్యాసం మొదలుపెట్టాడు. తీరిక దొరికినప్పుడల్లా సిగ్గుపడేవాడు.

ఇంతలో పిడుగు పడింది. కలెక్టరు గారికి ఆట వచ్చింది.

ఆయన పట్టుదల మనిషి. ఆదివారాలు చెమటోడ్చి సాధన చేశారు. కర్ర పట్టు మార్చుకున్నారు, భుజం సర్దుకున్నారు. ఒక ఆదివారం ఉదయం కొట్టిన బంతి గీత గీసినట్టు నేరుగా వెళ్లింది. ఆయన ముఖం చిన్నపిల్లాడిలా వెలిగిపోయింది.

సోమసుందరం ముఖం పాలిపోయింది.

"సార్... ఇదేమిటి సార్!"

"చూశారా? నేరుగా వెళ్లింది!"

"అదే సార్ నా బాధ. కుడివైపు మీద సవరణ అంచనాలు మంజూరయ్యాయి. భూసేకరణ నడుస్తోంది. ఇప్పుడు తమరు నేరుగా కొడితే కుడివైపు జరిగిన పనులన్నిటికీ సమర్థన పోతుంది. ఆడిట్ వాళ్లు వదలరు."

"మరి నన్నేం చేయమంటారు?"

"దయచేసి మంజూరైన దిశలోనే కొట్టండి సార్."

కలెక్టరు మరో బంతి పెట్టుకున్నారు. తర్వాత పట్టు మళ్లీ పాతలాగే మార్చుకుని కొట్టారు. బంతి ఒరిగి ఒరిగి దొండపందిట్లో పడింది. ఆ రోజు నుంచి ఆయన ఆటలో ఆనందం పోయింది. కానీ నిబద్ధత వచ్చింది.

తోట స్వాధీనానికి తేదీ ఖరారైంది. ఆ రోజే రాజధాని నుంచి ప్రత్యేక ప్రధాన కార్యదర్శి మృణాళిని తనిఖీకి వస్తున్నారు. ఆమె చేతుల మీదుగా తోట తీసుకోవాలని ఏర్పాటు.

*

పందిరి పక్కన పొక్లెయిన్ నిలబడి ఉంది. దాని ముందు తిరపతమ్మ నిలబడి ఉంది.

"తప్పుకో అమ్మా," అన్నాడు డ్రైవరు. "మేడం ఒక బంతి కొట్టగానే మొదలెట్టాలి."

"మొదలెట్టు నాయనా. నా మీద నుంచే మొదలెట్టు, నీకు శ్రమ తగ్గిద్ది."

బ్రహ్మయ్య కూడా వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. శాలువా లేదు. ఆమె ఒకసారి అతని భుజం వైపు చూసి, కాస్త జరిగి చోటిచ్చింది.

కంచె అవతల మృణాళిని కర్ర అందుకున్నారు. రాష్ట్రంలో ఆమె అంటే హడలని కలెక్టరు లేరు. ఆమె బంతి ముందుకొచ్చి, అందరూ నిలబడి కొట్టే వైపు కాకుండా అటు పక్కన నిలబడ్డారు.

"పుర్రచెయ్యి!" అంది తిరపతమ్మ.

టప్‌మని దెబ్బ పడింది.

బంతి నేరుగా లేచి, ఎడమవైపుకి ఒరిగింది. ఇంకా ఒరిగింది. ఎడమవైపు పచ్చిక దాటింది, రోడ్డు దాటింది, ఎత్తయిన ప్రహరీ దాటింది. గాజు పగిలిన చప్పుడు వినిపించింది. ఆ ప్రహరీ వెనక ఉన్నది ఒకే ఒక భవనం.

కలెక్టరు బంగళా.

చక్రపాణి నోరు తెరిచారు. ఒక్క మాట చాలు. దినకర్ ప్రారంభం రోజున అన్న మాట. అది అంటే బంగళా దక్కుతుంది. కానీ మేడం గారి బంతికి హద్దుంటే తన బంతికీ ఉండేదని ఒప్పుకున్నట్టే. కుడివైపు జరిగిందంతా తప్పవుతుంది. అనకపోతే...

"మేడమ్, అది... బహుశా... హద్దు..."

"హద్దు?" అన్నారు మృణాళిని కర్ర కిందికి దించుతూ. "ఎవరి హద్దు గురించి మాట్లాడుతున్నారు చక్రపాణి గారూ?"

ఆయన సోమసుందరం వైపు చూశారు. ఆ చూపులో ఆజ్ఞ లేదు, ప్రార్థన ఉంది. సోమసుందరం కళ్లు మూసుకుని ఒక్క క్షణం శాఖను తలుచుకున్నారు.

"మేడం వారి బంతి హద్దు దాటలేదు," అన్నారు. "బంగళా నిర్మాణ సమయంలో మైదానం అవసరాలను పరిగణనలోకి తీసుకోకపోవడం జరిగింది."

చప్పట్లు మార్మోగాయి. అందరికంటే గట్టిగా చక్రపాణే కొట్టాల్సి వచ్చింది.

వెంటనే జెండాలు పాతమన్నారు. స్టోర్లో జెండాలు నిండుకున్నాయి. సోమసుందరం చుట్టూ చూశారు. కంచె అవతల దొండతోట చుట్టూ జెండాలు రెపరెపలాడుతున్నాయి. ఇక మైదానం ఎడమవైపుకి తిరగాల్సిందే. కుడివైపుతో పనేముంది?

పనివాళ్లు వచ్చి జెండాలు ఒక్కొక్కటీ పీకి తీసుకుపోయారు. వాటి వెనకే పొక్లెయిన్ రోడ్డు దాటి బంగళా వైపు కదిలింది. తిరపతమ్మ పందిరి స్తంభం పట్టుకుని అలాగే కిందికి కూలబడింది.

*

బంగళా సామాన్లు లారీకెక్కుతున్న రోజున చక్రపాణి కాలినడకన దొండతోటకి వచ్చారు. ఆయన వెంట దినకర్ తప్ప ఎవరూ లేరు.

"తిరపతమ్మ గారూ," అన్నారు. మొదటిసారి 'గారూ' వచ్చింది. "మీరు ఆ రోజు గేదె సంగతి చెప్పారు చూడండి. చాలా న్యాయమైన మాట. రేపు మేడం మళ్లీ వస్తున్నారు. ఆ మాట ఆవిడకి ఒక్కసారి చెప్పగలరా? నేను చెబితే బాగుండదు."

తిరపతమ్మ కాయలు కోయడం ఆపలేదు. "ఆ మాట మీ కాడే చెల్లలేదుగదయ్యా. అంతకన్నా పెద్దామె కాడ చెల్లిద్దా?"

"చెల్లితే అందరికీ మంచిదమ్మా," అన్నాడు దినకర్ కల్పించుకుని. "బంతికి హద్దుందని ఒక్కసారి ఒప్పుకుంటే ఇక మీ తోట జోలికి ఎవరూ రారు. ఇప్పుడు మీకు తోట దక్కింది గానీ, హద్దు దక్కలేదు."

ఆమె చేయి ఆగింది. ఆ మాటలో నిజముందని ఆమెకు తెలుసు. పందిరి వైపు చూసింది. జెండాలు పీకిన చోట నేల ఇంకా గుల్లగా ఉంది.

"పోయిన జెండాల్ని పిలిచి మరీ గుర్తు చేయమంటారా? నా వల్ల కాదు బాబూ. కాస్తన్నన్నాళ్లు కోసుకుంటా."

చక్రపాణి తలూపారు. నాలుగు అడుగులు వేసి ఆగారు. "మీ వీధిలో ఇల్లేమైనా అద్దెకుందా?"

"ఉంటే చెబుతాంలెండి," అన్నాడు బ్రహ్మయ్య. అతనికి ఆయన్ని చూస్తే పాపం అనిపించింది. లోపలికెళ్లి శాలువా తెచ్చి ఆయనకు కప్పాడు.

*

చక్రపాణికి బదిలీ అయింది. కొత్త కలెక్టరు అనిరుధ్ కుర్రవాడు. నిజాయితీపరుడని, ఎవరి మాటా వినడని, పేదలంటే ప్రాణమని ముందే పేరొచ్చింది. ఊరు సంబరపడింది.

వచ్చిన వారంలోనే మైదానం చూడటానికి బయల్దేరాడు. వెనక సోమసుందరం ఉన్నారు. కంచె వెంబడి నడుస్తూ కొత్త కలెక్టరు దొండపందిరి దగ్గర ఆగి, తనే ముందుగా నమస్కారం పెట్టాడు.

"బాగున్నారా అమ్మా? ఈ తోట సంగతి నాకు తెలిసింది. అన్యాయం జరగబోయింది. నేనుండగా అలాంటిది జరగదు. మీకేం కావాలన్నా అడగండి."

తిరపతమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంది. ఇంత మంచిగా మాట్లాడే అధికారిని ఆమె చూడలేదు. చుట్టుపక్కల చేలల్లోని వాళ్లు కూడా పనులాపి దగ్గరికొచ్చారు. కుడివైపు చేలవాళ్లు, ఎడమవైపు ఇళ్లవాళ్లు, వెనక చెరకు వాళ్లు, అందరూ.

"నాకేం వద్దయ్యా. ఒక్కటే అడుగుతా, తప్పుగా అనుకోమాకండి."

"అడగండమ్మా."

"తమరిది కుడిచేతి వాటమా, పుర్రచేతి వాటమా?"

కుడివైపు వాళ్లు ఊపిరి బిగబట్టారు. ఎడమవైపు వాళ్లు ఊపిరి బిగబట్టారు. వెనకవాళ్లు మాత్రం ఇదంతా తమది కాదన్నట్టు నిశ్చింతగా నిలబడ్డారు.

అనిరుధ్ హాయిగా నవ్వాడు.

"నాకు ఆటే రాదమ్మా! ఎప్పుడూ కర్ర పట్టింది లేదు. రేపు పొద్దున్నుంచే నేర్చుకుందామనుకుంటున్నాను."

సోమసుందరం పక్కకు తిరిగి, స్టోర్ మనిషికి మెల్లగా చెప్పారు.

"జెండాలు తెప్పించు. అన్ని వైపులకీ సరిపోవాలి."